ఇరవై సేర్లకు ఒక మనిషి

అడవికి పోయేవాడు ఎంత సామాను మోసుకుపోవాలి అన్న విషయంలో నా అంత అనుభవం గలవాడు నాగర్‌కర్నూలు నుంచి కృష్ణ ఒడ్డు దాకా ఇంకొకడు లేడని ఏ సభలోనైనా ప్రమాణం చేసి చెప్పగలను. ఇంతవరకు అలాంటి సభ ఎవరూ పెట్టలేదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

అప్పటికి నాకు ముప్పై నిండాయి. అడవుల దఫ్తరులో గుమాస్తాను. ఏడాదికి ఒకసారి, వానలు పోయి గడ్డి ఎండే రోజుల్లో, నల్లమల అంచు వెంబడి పాతిన హద్దు రాళ్లను చూసి రావడం నా వంతు. ఏ రాయి నిలబడి ఉంది, ఏ రాయి పడిపోయింది, ఏ రాయి తనంతట తానే వంద గజాలు నడుచుకుంటూ పోయి ఒక పటేలు గారి చేనుకు అవతల కూర్చుంది, ఇవన్నీ జాబితాలో రాసుకోవాలి. రాళ్లు నడవవని మీరు అంటారు. నేను చూసిన రాళ్లలో కొన్ని ఎడ్లబండి కంటే వేగంగా నడిచాయి. మొత్తం పది రోజుల తిరుగుడు. మొదటి ఏడు నా వెంట ఒక జవాను వచ్చాడు. రెండో ఏడు అతను చలిజ్వరంతో మంచం పట్టాడు. నేను ఒక్కణ్ణే పోయాను.

ఆ పది రోజుల సంగతి చెప్పాలి. పులులను గురించి అందరూ అడుగుతారు. పులి కనిపించి ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది. కనీసం నన్ను చూసిన ప్రాణి ఒకటి ఉండేది. అక్కడి నిశ్శబ్దం ఎంత బరువైనదంటే, మధ్యాహ్నం పూట దాన్ని భుజం మీంచి దించి పక్కన పెట్టాలనిపించేది. మూడో రోజు నేను నా కందీలు దీపంతో మాట్లాడడం మొదలుపెట్టాను. ఐదో రోజు కందీలు జవాబు చెప్పింది. ఏడో రోజు మేమిద్దరం ఒక రాయి నంబరు దగ్గర మాటా మాటా అనుకుని, తెల్లారేదాకా ఎడమొహం పెడమొహంగా పడుకున్నాం. పదో రోజు ఉప్పునుంతల చేరాక మొదటి కొట్టు ముందు నిలబడితే, కొట్టతను తల ఎత్తి ఏం కావాలని అడిగాడు. నన్ను ఒక మనిషి ఒక మాట అడిగాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకేమీ అక్కరలేదు. అయినా అతను ఇంకో మాట మాట్లాడతాడేమోనని, జన్మలో తాగని బీడీలు ఒక కట్ట కొన్నాను.

ఇంటి దగ్గర ఎవరైనా ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో. నేను పుట్టింది గద్వాలలో. అమ్మా నాన్నా నాకు తెలివి వచ్చేలోపే పోయారు. చదువుకుంది వనపర్తిలో, దూరపు చుట్టం ఇంట్లో. అన్నం ముందు మాట్లాడకూడదని అక్కడ నియమం. అన్నం ముందు కాని వేళల్లో వాళ్లంతా నిద్రపోతుండేవారు. అక్క ఒకతె గద్వాలలోనే కాపురం ఉంది. కృష్ణకు వరద వస్తే ఆమెకూ నాకూ మధ్య మూడు నెలలు ఉత్తరం కూడా దాటేది కాదు. నాగర్‌కర్నూలులో నా గది పెద్దదేమీ కాదు. కానీ తలుపు తీసి లోపలికి పోతే నా దగ్గు నాకే తిరిగి వినిపించేంత పెద్దది.

అందుకని మూడో ఏడు హద్దు తిరుగుడు దగ్గరపడేసరికి నాకు ఒకటే దిగులు పట్టుకుంది. జవాను కోలుకున్నాడు గాని, అతన్ని వేరే పక్కకు మార్చారు. మళ్లీ ఒక్కణ్ణే పోవాలి. ఈసారి కందీలుతో జట్టు కలుపుకునే ఓపిక నాకు లేదు.

మా దఫ్తరులో ఒక రివాజు ఉండేది. తిరుగుడు మీద పోయేవాడి మూట ఇరవై సేర్ల లోపు ఉంటే, వాడే మోసుకోవాలి. ఇరవై దాటితే, దారిలో ఊరి పటేలుకు చిట్ఠీ రాసి ఇస్తారు. ఆ పటేలు వంతు ప్రకారం ఒక మనిషిని వెట్టికి పంపిస్తాడు. కూలి ఉండదు. తన బువ్వ తనే కట్టుకుని రావాలి. ఈ రివాజును నేను ఆరేళ్లుగా చూస్తున్నాను. రాతపని చేసేవాడికి ఏ రివాజైనా రాత లాగే కనిపిస్తుంది. కాగితం మీద ఇరవై సేర్లకు ఎదురుగా ఒక మనిషి అని ఉంటుంది. ఆ ఒక్క మాటా చదివి నేను సంతోషంతో కుర్చీలోంచి లేచాను. ఇరవై సేర్లు దాటిస్తే పది రోజులు నాతో మాట్లాడడానికి ఒక మనిషి వస్తాడు.

ఆ రాత్రే మూట కట్టి చూసుకున్నాను. నిజం చెప్పాలంటే అడవిలో బతకడానికి కావలసింది చాలా తక్కువ. ఒక గొంగడి, నీళ్లకు సొరకాయ బుర్ర, నూనెగుడ్డలో చుట్టిన అగ్గిపెట్టె, అది తడిస్తే చెకుముకి రాయి, చిన్న గొడ్డలి. జొన్నపిండి, ఉప్పు, మిరప్పొడి, బెల్లం. ఒక ముంత, రొట్టె కాల్చుకునే పెనం, చలిజ్వరానికి క్వినైను. రాళ్లకు నంబరు దిద్దడానికి ఎర్రటి జాజు, జాబితా పుస్తకం, కందీలు. మా గొంగడి ఎలాంటిదంటే, కప్పుకుని పడుకుంటే దాన్ని ఇచ్చిన గొర్రె కూడా వచ్చి మీద కూర్చున్నట్టే ఉండేది. అయినా అన్నీ కలిపి పద్నాలుగు సేర్లు మించలేదు. ఆరు సేర్ల దూరంలో ఒక మనిషి ఆగిపోయాడు.

ఇక మొదలుపెట్టాను. రెండో గొంగడి పెట్టాను. చలికాలం కదా, ఎవరూ ఏమీ అనలేరు. గొడుగు పెట్టాను. పుష్యమాసంలో గొడుగెందుకని అడిగితే నీడకు అని చెప్పొచ్చు. అక్క పంపిన ఇత్తడి చెంబు పెట్టాను. అద్దం పెట్టాను. ఇంకా రెండు సేర్లు తక్కువ. గదిలో నాలుగు మూలలా వెతికాను. మనిషి లేని ఇంట్లో సామాను కూడా ఉండదని అప్పుడు తెలిసింది. చివరికి వంట మూలలో నా చూపు సన్నికల్లు మీద పడింది. పచ్చడి నూరుకునే రాయి, పైన పొత్రం. రెండూ కలిపి ఏనుగు పిల్లంత బరువు. గొంగడిలో చుట్టి మూట నడుమన పెట్టాను. ముడి వేస్తుంటే నా చేతులు పెండ్లి సామాను కడుతున్నట్టు ఆడాయి.

పొద్దున దఫ్తరు వసారాలో, జిగురూ మైనమూ తూచే పెద్ద తక్కెడ మీద మూట పెట్టించాను. మా పెద్ద గుమాస్తా వనపర్తి పక్క మనిషి. ఆయన కళ్లద్దాలు ఎంత మందమంటే, వాటి వెనక కళ్లు వేరే ఊళ్లో ఉన్నట్టుండేవి. అయినా ఆ కళ్లకు కనపడనిది లేదు. మూట వైపు చూసి, కర్రతో ఒక పక్క పొడిచాడు. ఠంగున మోగింది.

"జర గుడ్డ తియ్, భాయ్," అన్నాడు.

తీశాను. ఆయన సన్నికల్లును చాలాసేపు చూశాడు.

"అడవిల ఎవరిదన్న దావత్ ఉన్నదా?"

నాకు ఆకు పచ్చళ్లంటే ఇష్టమని చెప్పాను. ఆయన నవ్వలేదు. నా మొహంలోకి చూశాడు, తర్వాత తక్కెడ ముల్లును చూశాడు. ఇరవై ఒకటిన్నర. మరేమీ అడగకుండా చిట్ఠీ రాసి ముద్ర వేశాడు. ఆయనకు అర్థమైందని నాకు తెలుసు. పాపం, ఆయన ఇంట్లో పదకొండు మంది. ఆయనకు అర్థమైంది సగమే అయి ఉంటుంది.

బండిలో ఉప్పునుంతల దాకా పోయాను. అక్కడ ఇంకో ఐదు సేర్ల జొన్నపిండి కొన్నాను. వచ్చే మనిషి తన బువ్వ తను తెచ్చుకోవాలన్నది రివాజు అయితే అయింది. నా పక్కన కూర్చుని వేరే మూట విప్పుకుని తినేవాడితో మాటలు ఎలా కుదురుతాయి?

అడవి అంచున ఉన్న ఊళ్లో పటేలు చిట్ఠీ చూసి ఒక మనిషిని పిలిపించాడు. యాభై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి, బొట్టెడు నూనె లేని జుట్టు, మోకాళ్ల దాకా దుమ్ము. చేలోంచి అలాగే వచ్చినట్టున్నాడు. మూట ఎత్తి నెత్తిన పెట్టుకుని, బరువుకు మెడ ఒకసారి సర్దుకుని, నడవమన్నట్టు నిలబడ్డాడు. నేను గొడుగూ కందీలూ పట్టుకున్నాను. ఊరు దాటగానే ఆయనతో నన్ను దొరా అనొద్దని, నాకు దొరతనం నా చెప్పుల దాకా కూడా లేదని, తమ్మీ అనమని చెప్పాను.

"అట్లనే దొరా," అన్నాడు.

ఆ రోజంత సంతోషం నాకు మళ్లీ రాలేదు. మొదట కోసెడు దూరం ఆయన ఊ, ఆ అనడమే. తర్వాత నేను గద్వాల అని చెప్పగానే నిలబడిపోయాడు. పెండ్లయిన కొత్తలో మల్దకల్ జాతరకు అంత దూరం నడిచి వచ్చాడట. జనంలో భార్య తప్పిపోయిందట. మూడు పూటలు వెతికితే, ఒక గాజుల దుకాణం ముందు కూర్చుని, ఆయనే తప్పిపోయాడని అందరికీ చెప్పి ఏడుస్తోందట. ఆ జాతరకు మా నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని తీసుకుపోయాడని అక్క చెప్పేది. నాకు గుర్తులేదు. ఆయన చెబుతుంటే ఆ గాజుల దుకాణం నాకూ గుర్తున్నట్టే అనిపించింది. ఆ మాటకు ఈ మాట కలిపి నేను కూడా రెండు అబద్ధాలు చెప్పాను.

ఆయనకు ఒక్కటే అలవాటు. కథ మంచి పట్టులో ఉండగా, పైన పిట్టల గుంపు ఏదైనా పోతే టక్కున ఆగిపోయేవాడు. నెత్తిన మూటతోనే మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి, ఆ గుంపు ఏ దిక్కుకు పోతోందో కనపడినంత దూరం చూసేవాడు. ఉత్తరానికి పోతే ఇంకాస్త ఎక్కువసేపు చూసేవాడు. గుంపు మరుగైన తర్వాత కూడా కాసేపు మాట వచ్చేది కాదు. ఎక్కడ ఆపాడో నేనే గుర్తుచేయాల్సి వచ్చేది. ఈయనకు పక్షులంటే ఇంత ప్రేమా అని మురిసిపోయాను. సాయంత్రం నిప్పు రాజేసి, రెండు రొట్టెలు చేసి, ఒకటి ఆయన ముందు పెట్టాను. తీసుకోనన్నాడు. చివరికి నా వైపు వీపు పెట్టి తిన్నాడు. అయినా పక్కన ఒక మనిషి నమిలే చప్పుడు వింటూ తినడం ఎంత బాగుంటుందో, అందులో పుట్టి పెరిగినవాళ్లకు తెలియదు.

రెండో రోజు కొండ ఎక్కాలి. ఆ దారి నిచ్చెన లాగా నిలబడి ఉంటుంది. సగం దూరం ఎక్కాక ఆయన ఒక బండ మీద మూట దించి, మెడ వెనక చెయ్యి పెట్టుకున్నాడు. చేతికి నెత్తురు తడి అంటింది. ఏదో అంచు గుచ్చుతోందని, సర్దుకుంటానని ముడి విప్పాడు. నేను వద్దనేలోపే గొంగడి మడత తీశాడు.

"ఇదేంది దొరా?"

"సన్నికల్లు."

"తెల్సు. మా ఇంట్ల గూడ ఉన్నది. అడవికెందుకని అడుగుతున్న."

పచ్చడి నూరడానికని అన్నాను. మిరపకాయలు ఎక్కడున్నాయని అడిగాడు. మిరప్పొడి తెచ్చానని చెప్పవలసి వచ్చింది. ఆయన గొడుగును చూశాడు. అద్దం తీసి, అందులో తన మొహం కనపడగానే బోర్లించి పెట్టాడు. అబద్ధాలు ఆడడంలో నాకు ఎంతో పేరుంది గాని, ఆ మెడ మీద దెబ్బ చూస్తూ ఇంకొకటి కల్పించలేకపోయాను. తక్కెడ సంగతీ, ఇరవై సేర్ల సంగతీ అంతా చెప్పేశాను. ఒక్కణ్ణే పోవాలంటే భయమని చెప్పాను.

"పులికా?"

"కాదు. మాట్లాడ్డానికి ఎవరూ ఉండరని."

ఆయన పొత్రాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఆయనకు కోపం వస్తే బాగుండునని కూర్చున్నాను. రాలేదు.

"గందుకు పిలిపించినవా," అన్నాడు. పొత్రాన్ని పక్కన పెట్టి, నా వైపు చూడకుండా, "నా జొన్నచేను పాలు పోసుకున్నది దొరా. పిట్టలు పడ్తున్నయి. మంచె మీద ఎవ్వరు లేరు."

ఒడిసెల తిప్పి పిట్టలను కొట్టేవాడు ఆయన ఒక్కడే. కొడుకులు బతకడానికి బస్తీకి పోయారు. భార్యకు చూపు ఆనదు. చిట్ఠీ వచ్చిన వేళకు ఆయన మంచె మీదనే ఉన్నాడట. పాలు పోసుకున్న కంకి మీద పిట్ట పది రోజులు పడితే, ఆ తర్వాత కోయడానికి చొప్ప తప్ప ఏమీ ఉండదు. ఏడాది బువ్వ అదే. నిన్నటి నుంచి ఆయన కథల మధ్య ఆగిపోయింది ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. ఆయన ఊరు మాకు ఉత్తరాన ఉంది.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చిట్ఠీ వచ్చినంక చెప్పెడిదేముంటది?"

నేను మంచివాడినని మీరు అనుకోకుండా ఉండడానికి, ఆ తర్వాత నేనేం ఆలోచించానో కూడా రాయాలి. రెండు రోజులు ఎటూ అయిపోయాయి, పిట్టలు తినేది ఇప్పటికే తిని ఉంటాయి అనుకున్నాను. దారిలో వేగంగా నడిస్తే పదిని ఎనిమిది చేయొచ్చు అనుకున్నాను. ఈయన బతిమాలలేదు కదా, బతిమాలితే అప్పుడు చూద్దాం అనుకున్నాను. ఆయన బతిమాలలేదు. మూట మళ్లీ కట్టడానికి ముడి వెతుక్కుంటున్నాడు. సన్నికల్లును కూడా మళ్లీ అందులోనే పెట్టబోతున్నాడు. అది చూసి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

మూటను రెండు కుప్పలు చేశాను. అడవిలో బతకడానికి కావలసింది ఒక పక్క, మనిషిని రప్పించడానికి కావలసింది ఇంకో పక్క. రెండో కుప్పే పెద్దదిగా కనిపించింది. రెండో గొంగడి మడిచి ఆయన భుజం మీద వేస్తే కాదనలేదు. గొడుగూ చెంబూ ఇస్తానంటే మాత్రం, అవి ఎక్కడివని పటేలు అడుగుతాడని వద్దన్నాడు. పిండిలో తన వంతు ఐదు సేర్లు పుచ్చుకున్నాడు. అప్పుడే ఆయన మొహంలో మొదటిసారి పరేషాన్ కనిపించింది.

"నడుమల వచ్చినవేందిరా అని పటేల్ అడిగితే?"

జాబితా పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, సామాను తగ్గింది, మనిషి అక్కరలేదు, నేనే పంపాను అని రాసి కింద సంతకం చేశాను. ముద్ర లేని లోటు తీరేలా సంతకాన్ని వంకరలు తిప్పి పెద్ద అధికారి చేవ్రాలులా సాగదీశాను. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి తలగుడ్డలో దోపుకున్నాడు.

ఆ తర్వాత నేను నా మూట కట్టుకోవడానికి చాలా సమయం తీసుకున్నాను. ఒక ముడి వేసి, విప్పి, మళ్లీ వేశాను. ఒక్కనివి ఎట్ల పోతవ్ దొరా అని ఒక్క మాట అంటాడేమోనని. ఈ పూట వరకన్నా వస్త అంటాడేమోనని. మర్యాదకైనా సరే. నేను వద్దనేవాణ్ణి, ఆయన వస్తాననేవాడు, నేను మళ్లీ వద్దనేవాణ్ణి. ఆ రెండు మాటలు నాకు రెండు రోజులకు సరిపోయేవి. ఆయన పైన దారి చూపించి, చింతచెట్టు కింద రాతి దొనలో నీళ్లు ఉంటాయని, ఆ తర్వాత రెండు హద్దు రాళ్ల దాకా చుక్క దొరకదని, బుర్ర అక్కడే నింపుకొమ్మని చెప్పాడు. చెప్పి దిగిపోయాడు. ఎక్కేటప్పుడు యాభై ఏళ్ల మనిషి. దిగేటప్పుడు ఆయన కాళ్ల కింద రాళ్లు పక్కకు తప్పుకున్నాయి. మలుపు దగ్గర తిరిగి చూస్తాడని నిలబడ్డాను. అక్కడ కూడా ఆయన ఆకాశం వైపే చూశాడు.

సన్నికల్లు ఆ బండ మీదనే వదిలేశాను, పొత్రంతో సహా. అద్దమూ గొడుగూ పక్కనే ఉంచాను. అక్క చెంబును మాత్రం వెంట తీసుకున్నాను. ఆ దారిన పోయిన చెంచులు ఎవరైనా చూసి, ఇక్కడ ఎవరో కాపురం పెట్టబోయి మానుకున్నారని అనుకుని ఉంటారు. పద్నాలుగు సేర్ల మూట నెత్తిన పెట్టుకున్నాను. అంత తేలికైన బరువు నేనెప్పుడూ మోయలేదు. ప్రతి అడుగుకూ దాని చప్పుడు నాకు వినిపించింది. ఇంకో చప్పుడు లేదు మరి.

దొన దగ్గర బుర్ర నింపుకుని, పొద్దు వాలే వేళకు హద్దు మీదికి చేరాను. నిప్పు రాజేసి పిండి తడిపాను. తడిపి, ఒత్తి, కాల్చి, ముందు పెట్టుకున్న తర్వాత చూస్తే రెండు రొట్టెలు ఉన్నాయి. ఒకటి తిన్నాను. రెండోదాన్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టాను. తెల్లారేసరికి అది గట్టిపడింది. నీళ్లలో తడిపి, తర్వాతి రాయి దగ్గర కూర్చుని తిన్నాను. రాయి నిలబడే ఉంది. ఉన్నట్టు రాసుకున్నాను.